ఆయిల్ జాలి

గద్వాల,
16 జూన్ 2024

చెల్లె సుమనకు,

అన్న మహిపాల్ రాసేది. బావ బండి తీసుకొని రేపు పొద్దున బయలుదేరుతున్నాడు. ఈ ఉత్తరం బండి కాగితాల సంచిలోనే పెడుతున్నాను. మీ తునికిపెంటలో ఫోన్ అందదు. నువ్వు ఆదివారం అచ్చంపేటకు దిగినప్పుడు మాట్లాడే ఐదు నిమిషాల్లో ఇవన్నీ చెప్పలేను. అనిల్ బావకు ఏం చెప్పినా "సరే బామ్మర్దీ" అంటాడు, ఊరు దాటేలోపు మరిచిపోతాడు. నువ్వు నర్సువి కాబట్టి మందుల చీటీ చదివినట్టు చదువు.

ఈ కారు పెట్రోలు బండే కానీ అన్నిటిలాంటిది కాదు. ఇంజిన్ ఒక్క లీటరుదే, సిలిండర్లు మూడే. బలం మాత్రం నూరు హార్స్ పవర్. ఎట్లా అంటావా? పొగగొట్టం నుంచి బయటికి పోయే వేడిగాలి ఉత్తగా పోకుండా ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. దాంతోపాటు అదే కడ్డీకి ఉన్న ఇంకో చక్రం తిరిగి, బయటి గాలిని అదిమి ఇంజిన్‌లోకి తోస్తుంది. గాలి ఎక్కువ పోతే పెట్రోలు ఎక్కువ కాలుతుంది, అందుకే బలం. దీన్నే టర్బో అంటారు. నా రెండు పిడికిళ్లంత ఉంటుంది కానీ నిమిషానికి లక్షన్నర సార్లు తిరుగుతుంది. ఆ తిరిగే కడ్డీకి ఆధారం పల్చటి ఆయిల్ పొర ఒక్కటే. ఆ పొర తెగిందంటే టర్బో పోతుంది, దాని వెనకే ఇంజిన్ కూడా.

అందుకని ఆయిల్ విషయంలో పిసినారితనం వద్దు. డబ్బా మీద చూడాల్సిన నంబరు వెనక పేజీలో రాశాను, అదే పోయించండి. ఏడు వేల కిలోమీటర్లకు మార్చాలి. ఘాటు రోడ్డు ఎక్కి దిగాక వెంటనే ఇంజిన్ ఆపకూడదు, ఒక నిమిషం ఊరికే నడవనివ్వాలి. అన్నిటికంటే ముఖ్యం, ముందు బోర్డు మీద ఆయిల్ బొమ్మ ఎర్రగా వెలిగితే ఎక్కడున్నా సరే అక్కడే ఆపేయాలి. ఇంకో కిలోమీటరు కూడా పోవద్దు.

మీకు ఇప్పించిన ఈ బండి ఇదివరకు వనపర్తిలో విత్తనాల దుకాణం రాఘవేందర్ గారిది. ఐదేళ్లుగా నా చేతి కిందే ఉంది. దీని సంగతి నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. గద్వాలలో టర్బో పెట్రోలు బండి పట్టేది నేనొక్కణ్నే, మిగతావాళ్లంతా డీజిల్ వాళ్లే. నువ్వు నిశ్చింతగా ఎక్కు.

మీ వదిన ఉమ జొన్న రొట్టెలు, నువ్వుల పొడి కట్టి ఇచ్చింది.

నీ అన్న,
మహిపాల్

*

తునికిపెంట,
25 ఆగస్టు 2024

అన్నకు,

సుమన నమస్కారాలు. నీ ఉత్తరాన్ని నీ బావ సబ్‌సెంటర్ గోడకు, టీకాల పట్టిక పక్కనే అంటించాడు. ఘాటు దిగి ఇంటి ముందు ఆపాక బండిలోనే కూర్చొని అరవై లెక్కపెడతాడు. పిల్లలు చుట్టూ చేరి నవ్వుతుంటే "మా బామ్మర్ది చెప్పిండు, దీనికి జర ఊపిరి తీసుకోనియ్యాలె" అంటాడు.

ఈ అడవిలో నాలుగు పెంటలకు, ఈ చిన్న గూడేలన్నిటికీ కలిపి మా బండి ఒక్కటే ఇప్పుడు. అచ్చంపేట సంతకు, దవాఖానకు, బియ్యానికి అందరూ మమ్మల్నే అడుగుతారు. నెల తప్పిన ఆడవాళ్లను పరీక్షకు తీసుకుపోవడం నాకు ఎంత సులువైందో చెప్పలేను. ఇదివరకు బస్సు కోసం మూడు గంటలు చెట్టు కింద కూర్చునేవాళ్లం. శ్రావణి అని ఒకమ్మాయి ఉంది, తేనె తీసే శంకర్ భార్య. తొలిచూలు. ముందు సీటు ఎవరికీ ఇవ్వదు. చల్లగాలి మొహానికి తగులుతుంటే "సిస్టరమ్మా, కాన్పు అయినంక గూడ పరీచ్చలు ఉంటయా?" అని అడిగింది. ఉంటాయిలే అన్నాను.

ఒక సంగతి అడగాలి. ఈమధ్య పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తోంది. నెలకు లీటరు ఆయిల్ తాగుతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఈల వేసినట్టు సన్నటి చప్పుడు. పోయిన గురువారం సంత దగ్గర ఆగి ఉన్నప్పుడు నువ్వు చెప్పిన ఎర్ర బొమ్మ రెండుసార్లు వెలిగి ఆరిపోయింది. ఆయన వెంటనే ఆపేశాడు. మళ్లీ స్టార్ట్ చేస్తే ఆ బొమ్మ రాలేదు. అచ్చంపేటలో చూపిస్తానంటే నేనే వద్దన్నాను. మా అన్న ఉండగా వేరేవాళ్ల చెయ్యి ఎందుకు? వచ్చే నెల గద్వాలకే పంపిస్తాను.

చెల్లెలు,
సుమన

*

గద్వాల,
14 సెప్టెంబర్ 2024

సుమనా,

బండిని రెండు రోజులు ఉంచుకొని అంతా చూశాను. పాత ఆయిల్ తీసి కొత్తది పోశాను, ఫిల్టర్ మార్చాను. ఎర్ర బొమ్మ వెలగడానికి కారణం సెన్సార్. అది చిన్న ముక్క, పాడైతే లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది. కొత్తది వేశాను. ఇక వెలగదు. ఈల చప్పుడు టర్బో బండ్లకు మామూలే.

బావ నా దగ్గరే కూర్చొని ప్రతి బోల్టూ ఏమిటని అడిగాడు. మధ్యాహ్నం ఉమ వడ్డించిన దానికంటే రెండింతలు తిన్నాడు. పోయేటప్పుడు బండి మీద చెయ్యి వేసి "బామ్మర్దీ, నీ చెయ్యి పడ్డంక నాకు భయం లేదు" అన్నాడు.

మీరు ఏమీ పరేషాన్ కాకండి. బండి బాగుంది.

మహిపాల్

*

తునికిపెంట,
12 నవంబర్ 2024

అన్నా,

వారం రోజులుగా రాద్దామని కూర్చొని లేచిపోతున్నాను.

శ్రావణి చనిపోయింది.

పోయిన మంగళవారం తెల్లవారి ఆరింటికి వాళ్ల అత్త భాగ్యమ్మ, శంకర్ కలిసి సబ్‌సెంటర్‌కు నడిపించుకొచ్చారు. ఇంకా రెండు వారాలు గడువు ఉందనుకున్నాను. ఏడున్నరకు ఆడపిల్ల పుట్టింది, రెండు కిలోల మూడు వందలు. బిడ్డ బాగా ఏడ్చింది. శ్రావణి బిడ్డను చూసి "నల్లగున్నది, నా లెక్కనే" అన్నది. తర్వాత రక్తం ఆగలేదు. సూది ఇచ్చాను, పొత్తికడుపు నొక్కి పట్టుకున్నాను, సెలైన్ పెట్టాను. పెద్ద దవాఖానకు చేర్చి రక్తం ఎక్కించాలి, ఇంకో దారి లేదు. బిడ్డను భాగ్యమ్మ చేతిలో పెట్టి శ్రావణిని వెనక సీట్లో నా ఒళ్లో పడుకోబెట్టాం. శంకర్ ముందు, నడుపుతున్న నీ బావ పక్కన కూర్చున్నాడు. అచ్చంపేటకు ఇరవై రెండు కిలోమీటర్లు.

పది కిలోమీటర్లు దాటాక ఎర్ర బొమ్మ వెలిగింది. ఆయన ఆపలేదు. ఇంకో నాలుగు కిలోమీటర్లు పోయాక డబ్బాలో ఇనుప ముక్కలు వేసి ఊపినట్టు చప్పుడు మొదలైంది. ఆ చప్పుడుతోనే కొంచెం దూరం పోయి, ఒక్క కుదుపుతో ఆగిపోయింది. ఆయన తాళం తిప్పుతూనే ఉన్నాడు. ఇంజిన్ కదలలేదు. నా ఫోన్‌లో సిగ్నల్ లేదు. శంకర్ సాయం కోసం వెనక్కి పరుగెత్తాడు. ఆయన శ్రావణిని చేతుల మీద ఎత్తుకొని ముందుకు నడవడం మొదలుపెట్టాడు. నేను సెలైన్ సీసా పైకి పట్టుకొని పక్కన నడిచాను. ఎంత దూరం పోయామో తెలియదు. పత్తి ట్రాక్టర్ ఒకటి ఎదురొచ్చి మమ్మల్ని ఎక్కించుకొని వెనక్కి తిరిగింది. అది ఎక్కించేసరికే ఆమె చెయ్యి చల్లబడింది. నేను ఆయనకు చెప్పలేదు. దవాఖాన దాకా ఆయన ఆమె తల కిందపడకుండా పట్టుకొనే ఉన్నాడు.

అప్పటి నుంచి ఆయన సరిగా తినడు, మాట్లాడడు. గోడకున్న నీ ఉత్తరం చించేశాడు. "ఆపుమని రాసిండు గదా. నేను ఆపలే. నేనే సంపిన" అంటాడు. నిన్న అన్నం పళ్లెం ముందర పెడితే అదే మాట.

అన్నా, బొమ్మ వెలిగాక నడపడం వల్లనే ఇంజిన్ పోయిందా? ఆయన చేసిన తప్పేనా? నువ్వు చెబితే నమ్ముతాడు.

సుమన

*

గద్వాల,
20 నవంబర్ 2024

సుమనా,

నీ ఉత్తరం చదివి ఉమ ఏడ్చింది. పాపం, ఆ పసిబిడ్డ.

బావను నేను ఏమీ అనడం లేదు. అట్లాంటి సమయంలో ఎవరికైనా కాలు బ్రేకు మీదికి పోదు. కానీ యంత్రానికి మన కష్టం తెలియదు. ఎర్ర బొమ్మ వెలిగిందంటే లోపల ఆయిల్ ఒత్తిడి పడిపోయినట్టు. ఆ తర్వాత ఒక్క కిలోమీటరు నడిపినా బేరింగులు అరిగి పట్టేస్తాయి. జూన్‌లోనే రాశాను కదా. దారిలో కింద ఆయిల్ ఉండే చాంబర్‌కు రాయి తగిలి ఆయిల్ కారిందేమో కూడా. ఎన్నో కారణాలుంటాయి.

ఆ బండిని అక్కడ ఎవరితోనూ విప్పించకండి. తెలియనివాళ్లు విప్పితే ఉన్నది కూడా పోతుంది. నేనే మనిషిని పంపి గద్వాలకు తెప్పించుకుంటాను. బావకు ధైర్యం చెప్పు. ఏది ఎట్లా రాసి ఉంటే అట్లా జరుగుతుంది.

మహిపాల్

*

తునికిపెంట,
8 డిసెంబర్ 2024

అన్నా,

విప్పొద్దన్న నీ ఉత్తరం నాకు చేరేసరికే బండి విప్పారు. అచ్చంపేటలో చిన్నయ్య అని ముసలి మెకానిక్ ఉన్నాడు. రోడ్డుకు అడ్డంగా ఉందని బండిని ఆయన షెడ్డుకే లాక్కుపోయారు. మొన్న ఆదివారం నేను పోతే పిలిచి కూర్చోబెట్టాడు. కింది చాంబర్ ఊడదీసి పెట్టాడు. దాని మీద ఎక్కడా రాయి తగిలిన గీత లేదు. ఆయిల్ కారలేదు, లోపలే ఉంది. ఆయిల్ పీల్చే గొట్టం మూతికి ఒక చిన్న జాలి ఉంటుందట. దాన్ని గుడ్డ మీద పెట్టి చూపించాడు. నల్లటి రబ్బరు పొట్టు మెత్తి, సన్నటి కన్నం కూడా లేకుండా మూసుకుపోయింది.

ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాస్తున్నాను. "బిడ్డా, ఈ ఇంజిన్ల బెల్టు ఆయిల్లనే తిరుగుతది. ఆయిల్ వేళకు మార్చకుంటే బెల్టు నాని పొట్టు రాలుతది. ఆ పొట్టు గీ జాలికి పడ్తది. గిది ఒక్క దినంల అయ్యేది గాదు, ఏండ్ల సంది అయింది. ఈ మధ్యల ఆయిల్ మార్చినోడికి పాత ఆయిల్ల ముక్కలు కనవడే ఉంటయ్. వాడు సెన్సార్ మార్చి ఇడిసిపెట్టిండు. ఎవడు వాడు?"

తెలియదన్నాను. నీ గురించి నేను అబద్ధం చెప్పడం అదే మొదటిసారి.

నీ బావ బల్మూరుకు పోయి వాళ్ల చిన్నాన్న దగ్గర వేరుశనగ చేలో కూలి చేస్తున్నాడు. పోయేముందు శంకర్ గుడిసె ముందు పొద్దంతా నిలబడ్డాడు. శంకర్ బయటికి రాలేదు. భాగ్యమ్మ వచ్చి "పో బిడ్డా" అన్నది. ఎందుకు పొమ్మన్నదో, కోపమో జాలో నాకు అర్థం కాలేదు.

అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నాకు జడ వేయడం కూడా నువ్వే నేర్చుకున్నావు. నీకు తెలియనిది లేదని నమ్మి పెరిగాను. ఒక్కటే అడుగుతున్నాను. సెప్టెంబర్‌లో నువ్వు ఆయిల్ తీసినప్పుడు ఆ ముక్కలు కనబడ్డాయా, లేదా?

సుమన

*

గద్వాల,
15 డిసెంబర్ 2024

సుమనా,

కనబడ్డాయి.

పాత ఆయిల్‌ను పళ్లెంలోకి వంచినప్పుడు నల్లటి ముక్కలు తేలాయి. వేళ్ల మధ్య నలిపి చూశాను, రబ్బరే. బావ అప్పుడు బయట టీ తాగుతున్నాడు. ఆయన వచ్చేలోపు పళ్లెం డ్రమ్ములో వంచేశాను.

చాంబర్ విప్పాలి, జాలి కడగాలి, బెల్టు మార్చాలి. అదంతా తెలుసు. ఎందుకు చేయలేదని అడుగుతావు. రాఘవేందర్ గారు రెండేళ్లు ఆయిల్ మార్చకుండా తిప్పారు. నేను చెప్పినా వినలేదు. అది తెలిసే మీకు ఇప్పించాను. ఇకనుంచి మంచి ఆయిల్ పోస్తే కుదురుకుంటుందనుకున్నాను. విప్పితే ఆ సంగతి బయటపడుతుంది, నా మాట పోతుంది. నిన్నటిదాకా నీకు ఇంతే రాద్దామనుకున్నాను. కానీ అసలు సంగతి ఇది కూడా కాదు.

నాకు ఆ పని రాదు.

ఆ బెల్టు మార్చాలంటే ఇంజిన్‌ను ఒక కొలతలో బిగించి పట్టే పనిముట్లు కావాలి. ఒక్క పన్ను అటూ ఇటూ అయితే వాల్వులు వంగిపోతాయి. హైదరాబాద్‌లో మూడు రోజులు నేర్పించారు. రెండో రోజు నాకు జ్వరం వచ్చి గదిలో పడుకున్నాను. ఆ రోజే ఈ పాఠం. సర్టిఫికెట్ మాత్రం మూడో రోజు అందరితో పాటు ఇచ్చారు. అది ఫ్రేము కట్టించి షెడ్డులో పెట్టుకున్నాను. ఏడేళ్లుగా టర్బో బండి వస్తే ఆయిల్, ఫిల్టర్, ప్లగ్గులు, సెన్సార్లు మార్చి పంపిస్తున్నాను. అంతకంటే పెద్ద పని పడితే సామాను దొరకదని చెప్పి తప్పించుకుంటాను. బావతో కూడా ఒక్క మాట అంటే సరిపోయేది, "నాకు రాదు, హైదరాబాద్ తీసుకుపో" అని. ఆయన నా చేతుల వైపు అంత నమ్మకంగా చూస్తుంటే కొత్త సెన్సార్ తీసి బిగించాను.

పోయిన ఉత్తరంలో తప్పు బావ మీదికి నెట్టాను. రాస్తున్నప్పుడే తెలుసు అది తప్పని. అంటించి డబ్బాలో వేసి వచ్చాను.

అన్నం ముందు కూర్చుంటే ఆ అమ్మాయి ముందు సీటు అడగడం గుర్తొస్తుంది. నేను చూడనే లేదు ఆమెను. నువ్వు రాసిందే.

మహిపాల్

*

తునికిపెంట,
24 డిసెంబర్ 2024

అన్నా,

నిన్ను తిట్టాలని మూడు రోజులు కాగితం ముందు కూర్చున్నాను. ప్రతిసారీ నా చెయ్యి ఒక్కచోటే ఆగిపోయింది. నేను నీకు రాయనిది కూడా ఒకటుంది.

ఎర్ర బొమ్మ వెలిగింది అడవి చెక్‌పోస్టు ఎదురుగా. అక్కడ అటవీశాఖ జీపు నిలబడి ఉంది. డ్రైవర్ బీడీ తాగుతున్నాడు. నీ బావ బ్రేకు మీద కాలు వేశాడు. "సుమనా, మీ అన్న ఆపుమన్నడు. జీపుల ఎక్కిద్దాం" అన్నాడు. నేను "వద్దు, దింపి ఎక్కించేసరికి పది నిమిషాలు పోతయ్, కదిలిస్తే రక్తం ఇంక ఎక్కువైతది, పోనీ" అని అరిచాను. ఆయన నా మాట విన్నాడు. శంకర్ కూడా విన్నాడు.

నీకు మాత్రం "ఆయన ఆపలేదు" అని రాశాను.

ఆయన ఇన్ని రోజుల్లో ఒక్కసారి కూడా "నువ్వే పోనియ్యమన్నవ్ గదా" అనలేదు. అంటాడేమోనని భయపడ్డాను. అనకపోతే ఇంకా భయమేసింది. అన్నాచెల్లెళ్లం ఇద్దరం కలిసి ఆయన నెత్తిన పెట్టాం.

నిన్న బల్మూరు పోయి ఆయనతో నా సంగతి ఒప్పుకున్నాను. వేరుశనగ చెట్టు పీకుతున్నవాడు పీకుతూనే ఉన్నాడు. "నువ్వు పేషెంట్‌ను చూస్తున్నవ్, బండిని చూసేది నా పని" అన్నాడు. నీ సంగతి నేను చెప్పలేదు, అది నువ్వే చెప్పాలి. ముందు ఆయనకు, తర్వాత శంకర్‌కు. ఉత్తరంలో కాదు, ఎదురుగా వచ్చి.

నేను మాత్రం ఆ రోజు ఇంట్లో ఉండను. నిన్ను చూసే ధైర్యం నాకు లేదు.

సుమన

*

గద్వాల,
19 జనవరి 2025

సుమనా,

గురువారం వచ్చాను. ముందు బల్మూరు పోయాను. బావ అంతా విని, చేతికున్న మట్టి దులుపుకొని, "శంకర్‌తోని చెప్తవా?" అని మాత్రం అడిగాడు. ఇద్దరం బస్సెక్కాం. దారి పొడవునా ఆయన కిటికీ వైపే చూశాడు.

మీ సబ్‌సెంటర్ తలుపు దగ్గరగా వేసి ఉంది. నువ్వు లోపలే ఉన్నావని తెలుసు.

శంకర్ గుడిసె ముందు తాడు పేనుతున్నాడు. నేను నిలబడే చెప్పాను. జాలి, బెల్టు, ముక్కలు, నాకు పని రాకపోవడం, అన్నీ. మధ్యలో తెలిసింది, అతనికి సగం మాటలు అర్థం కావడం లేదని. అయినా ఆపలేదు. అతను తాడు పేనడం కూడా ఆపలేదు. అంతా అయ్యాక తల ఎత్తి, "నీకు ఎరికే. బండి ఆగిపోతదని నీకు ఎరికే" అన్నాడు.

"ఎప్పుడని తెల్వదు. ఆగుతదని మాత్రం తెలుసు" అన్నాను.

"మా ఇంటిది ఎక్కుతదని ఎరుక లేదు."

"లేదు."

"ఎవరో ఒకలు ఎక్కుతరని ఎరికే గదా."

లోపల బిడ్డ ఏడ్చింది. భాగ్యమ్మ ఊపుతూ ఏదో పాడుతోంది. శంకర్ బావ వైపు చూసి, "అన్నా, నువ్వు కూసో. ఆయన్ని పొమ్మను" అన్నాడు. బావ కూర్చున్నాడు. నేను ఒక్కణ్నే రోడ్డు దాకా నడిచాను.

ఇంటికొచ్చి ఆ సర్టిఫికెట్ గోడ మీది నుంచి దించాను. శుక్రవారం అమరచింత నుంచి ఒక టీచరు అలాంటి బండే తెచ్చాడు, నీలం పొగ వస్తోందని. నాకు చేతకాదు, ఈ జబ్బుకు ఇంజిన్ విప్పాలి, విప్పించేదాకా నడపొద్దని చెప్పాను. అతను నవ్వి, వేరే షెడ్డులో ఆయిల్ పోయించుకొని పోయాడు. రోడ్డు మలుపు దాకా బండి వెనక పరుగెత్తాను. ఆగలేదు.

మహిపాల్

*

తునికిపెంట,
6 ఏప్రిల్ 2025

అన్నకు,

చాలా రోజులకు రాస్తున్నాను. నీ రెండు ఉత్తరాలు అందాయి. ఆ బండి ఇంజిన్ నీ ఖర్చుతో మార్పిస్తానన్నావు. నీ బావ వద్దన్నాడు. చిన్నయ్యకే పాత ఇనుము కింద వదిలేశాడు.

జనవరి నుంచి ఆయన ఇక్కడే ఉంటున్నాడు. అన్నం తింటున్నాడు. స్టీరింగ్ మాత్రం ముట్టనన్నాడు. చెక్‌పోస్టు జీపుకు డ్రైవర్ కావాలని అడిగితే రానన్నాడు.

పోయిన సోమవారం మధ్యాహ్నం బిడ్డకు జ్వరం ఎక్కువై ఫిట్స్ వచ్చింది. పాలు తాగడం మానేసింది. నేను సూది ఇచ్చి, అచ్చంపేటకు తీసుకుపోవాల్సిందే అన్నాను. ఈసారి ముందే మనిషిని చెక్‌పోస్టుకు ఉరికించాను. జీపు వచ్చింది కానీ తెచ్చింది అడవి కాపలా వాచర్, వాడికి ఘాటు దిగడం చేతకాదు. ఆ మాట వాడే ఒప్పుకున్నాడు. శంకర్ బిడ్డను ఎత్తుకొని మా గుమ్మంలో నిలబడ్డాడు. "అన్నా, నువ్వే రావాలె" అన్నాడు. నీ బావ గోడకు ఆనుకొని, "నాతోని గాదు శంకర్, నేను స్టీరింగ్ ముట్ట" అన్నాడు. శంకర్ గుమ్మంలోంచి కదలలేదు. చివరికి ఈయనే లేచాడు.

దారంతా శంకర్ ముందు సీట్లో కూర్చొని రోడ్డు వైపు కాకుండా ఈయన మొహం వైపే చూశాడు. ఆ రోజు బండి ఆగిపోయిన మలుపు దగ్గర ఇద్దరూ ఒకేసారి తలలు దించుకున్నారు. బిడ్డ మూడు రోజులు దవాఖానలో ఉంది. ఇప్పుడు బాగుంది. ఐదు కిలోల రెండు వందలు. పేరు ఇంకా పెట్టలేదు. శంకర్ పెట్టనివ్వడం లేదు.

ఇంటికొచ్చాక నీ బావ జీపులోనే చాలాసేపు కూర్చొని ఏడ్చాడు. పిల్లలెవరూ దగ్గరికి పోలేదు.

నువ్వు ఉగాదికి వస్తానని రాశావు. ఆ పూట ఇద్దరికి ఎక్కువే వండాను. నువ్వు బస్సు దిగుతావని భయపడుతూ రోడ్డు వైపు చూశాను. నువ్వు రాలేదు. రానందుకు ఊపిరి పీల్చుకున్నాను, తర్వాత అన్నం సహించలేదు. నన్ను పెంచినవాడివి. నిన్ను చూడాలని ఉంది, చూస్తే ఏం మాట్లాడాలో తెలియడం లేదు. శంకర్ ఇంటి ముందు నుంచి రోజూ నడవాల్సినదాన్ని. నిన్ను నా ఇంట్లో కూర్చోబెట్టి చాయ్ ఎట్లా ఇవ్వను?

ఇంకొన్నాళ్లు రావద్దు. ఎన్నాళ్లో నాకు తెలియదు.

వదినను అడిగానని చెప్పు.

సుమన